కూర్చోవడం నేర్పిన టీచరు

ఆ బడిలో అందరూ ఆవిణ్ణి కాలుకాలిన పిల్లి అనేవారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా అనే ధైర్యం హెడ్మాస్టరుకే లేదు, ఇంక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా. టీ నిలబడి తాగుతుంది. నోటుపుస్తకాలు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ దిద్దుతుంది. స్టాఫ్ మీటింగులో అందరికీ కుర్చీలుంటే ఆవిడ మాత్రం కిటికీకి ఆనుకుని, కాసేపటికి తలుపుకి ఆనుకుని, చివరికి ఎవరి కుర్చీ వెనకో చేరి వాళ్ళ మెడ మీద ఊపిరి వదులుతూ వింటుంది. నీతో కాపురమంటే ప్లాట్‌ఫారం మీద కాపురమేనని మొగుడు నవ్వుతూ అనేవాడు. ఆవిడ కూడా నవ్వేది, నవ్వుతూనే లేచి వెళ్ళిపోయేది.

ఆవిడ గది కింది అంతస్తులో, వరండా చివర, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన. ఒకప్పుడు అందులో గాలి పోయిన బంతులూ విరిగిన బెంచీలూ పడేసేవారు. తర్వాత వాటిని తీసేసి, మిగతా క్లాసుల్లో ఇమడని పిల్లల్ని పెట్టారు. మాట ఆలస్యంగా వచ్చేవాళ్ళు, అక్షరాలు తిరగబడి కనిపించేవాళ్ళు, పెద్ద చప్పుడు వింటే బల్ల కింద దూరేవాళ్ళు. దాన్ని చిన్న గది అనేవారు. సామాను మారింది గానీ బుద్ధి మారలేదని ఆవిడ ఒకసారి హెడ్మాస్టరు మొహం మీదే అనేసింది.

ఆవిడకీ ఆ గదికీ ముడి పడటానికి కారణం తమ్ముడు. వాడికి మాట సరిగ్గా రాదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఎప్పుడు పైనుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నా, ముందురోజు క్లాసు టీచరు ఆవిణ్ణి గేటు దగ్గర ఆపి, రేపు తమ్ముణ్ణి తీసుకురాకమ్మా అని చెప్పేది. కోపంగా కాదు, ఎంతో ముద్దుగా చెప్పేది. మర్నాడు ఆ పిల్ల ఒక్కతే వెళ్ళేది. ఇన్‌స్పెక్టరు తలలు లెక్కపెట్టేవాడు, లెక్క సరిపోయేది. తమ్ముడు లేకుండా లెక్క ఎలా సరిపోయిందో ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. అర్థమయ్యే వయసు వచ్చాక మండిపోయింది. ఆ మంటతోనే టీచరు చదువు చదివింది, ఆ మంటతోనే చిన్న గదికి వచ్చింది.

ఇక బొంగరం సంగతి. అది ఒక దర్జీ కూతురు. ఆరేళ్ళప్పుడు వచ్చింది. తోటి పిల్లలు పెట్టిన పేరే బొంగరం, ఆ పిల్లకి ఆ పేరు ఇష్టం కూడా. కుర్చీలో పెడితే జారిపోతుంది, బెంచీ మీద పెడితే దిగిపోతుంది, ఒళ్ళో పెట్టుకుంటే మన ఒంటికే నొప్పులు పుడతాయి. అడిగిన దానికి జవాబు రాదు. ఏ పరీక్ష పెట్టినా సున్నా. ఈ పిల్లకి బుర్రలో ఏమీ లేదని పై క్లాసు టీచర్లు తేల్చేశారు.

ఒకరోజు కుళాయి ఊడి గదంతా నీళ్ళయ్యాయి. పిల్లల్ని బయటకి తోలి ఆవిడ నీళ్ళు ఊడుస్తోంది. వరండాలో ఎవరో ఏడో ఎక్కం చెబుతున్నారు. తల బయటపెట్టి చూస్తే బొంగరం. గచ్చు పలకల మీద ఒక్కో అడుగూ వేస్తూ, పలకకో మాట చొప్పున, ఏడు ఒకట్ల దగ్గర్నుంచి చివరిదాకా చెప్పుకుంటూ పోయింది. గోడ వచ్చింది. వెనక్కి తిరిగింది. వెనక్కి నడుస్తున్నాను కదా అన్నట్టు ఎక్కాన్ని కూడా చివర్నుంచి మొదటిదాకా చెప్పింది. ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పటిదాకా టీచర్లందరూ ఆ పిల్ల నోరు తెరిపించాలని చూశారు, తెరవాల్సింది కాళ్ళని.

ఆ రోజు నుంచి వరండాయే బొంగరానికి క్లాసు. ఒక స్తంభం మీద లెక్క అంటించి ఉంటుంది, మూడో స్తంభం దగ్గర పలక ఉంటుంది. లెక్క చదివి నడుచుకుంటూ వెళ్ళి జవాబు అక్కడ రాయాలి. రాసేటప్పుడు కూడా ఒక కాలు ఊగుతూనే ఉంటుంది. టీచరూ పక్కనే నడిచేది. చూసేవాళ్ళకి ఇద్దరూ ఎవరినో వెతుకుతున్నట్టు ఉండేది. ఏళ్ళు గడిచేసరికి భిన్నాలు కూడా వచ్చేశాయి. పెద్ద క్లాసు పిల్లలకే రానివి ఈ పిల్లకి వచ్చాయంటే టీచరు గర్వం చూడాలి. గర్వం వచ్చినప్పుడు ఆవిడ ఇంకా వేగంగా నడిచేది.

అప్పుడొచ్చింది చట్టం.

ఏ పిల్లనీ వదలకూడదు, ఏ బడిలోని పిల్లలైనా ఒకే రోజు ఒకే ప్రశ్నపత్రం రాయాలి, అందరి మార్కులూ కలిపితేనే బడికి గ్రేడు అన్నది చట్టం. అప్పటిదాకా పరీక్ష రోజున చిన్న గది పిల్లల్ని ఇంటి దగ్గరే ఉంచమనేవారు. ఇకమీదట కుదరదు. ఆ వార్త చదివిన రోజు ఆవిడ స్టాఫ్ రూములో అందరికీ తన డబ్బులతో టీ తెప్పించింది. మా పిల్లలు లెక్కలోకి వచ్చారని అందరికీ చెప్పింది. లెక్కల మాస్టారు, వాళ్ళు లెక్కలోకి వస్తే మన లెక్క దిగుతుందని కప్పులోకి చూస్తూ గొణిగాడు. ఆవిడ చూసిన చూపుకి ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. చట్టం చేసినవాళ్ళది దురుద్దేశమని నేను అనను. మంచి ఉద్దేశమే. కాకపోతే కుర్చీల్లో కూర్చుని చేశారు కాబట్టి వాళ్ళ నమ్మకమంతా కుర్చీ మీదే ఉంది.

చట్టం వెనకాలే నిబంధనలు వచ్చాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పెద్ద అక్షరాల పేపరు, చదివి వినిపించే మనిషి, విడిగా గది, రెట్టింపు సమయం ఇస్తామన్నారు. ఇచ్చేది ఏదో పుచ్చుకుందామని ఆవిడ బొంగరం పేరు మీద విడి గదీ రెట్టింపు సమయమూ అడిగింది. తర్వాత పేజీ తిప్పితే అసలు సంగతి కనబడింది. పరీక్ష అయ్యేదాకా విద్యార్థి తన చోటులోనే కూర్చుని ఉండాలి, లేస్తే పరీక్ష ముగించినట్టే. రెట్టింపు సమయం తీసుకున్నవాళ్ళు ఆ సమయమంతా ఉండాలి. అంటే రెండు గంటలు కూర్చోలేని పిల్లకి దయతలచి నాలుగు గంటలు ఇచ్చారన్నమాట. ఆకలేస్తోందన్నవాడికి ఇంకో గ్లాసు మంచినీళ్ళు పోసినట్టు.

ఆవిడ ఊరుకుంటుందా. పై ఆఫీసుకి రాసింది, ఫోన్ చేసింది, మళ్ళీ చేసింది. అక్కడి అధికారి గొంతు చాలా మెత్తన. ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క పద్ధతి పెడితే అది ఒకే పరీక్ష ఎలా అవుతుందని అడిగాడు. ఎక్కువ టైము ఇస్తున్నాం కదా అన్నాడు. నడిచే వీలు అన్నది తమ దగ్గరున్న సౌకర్యాల్లో లేదని, వచ్చే ఏడాది కమిటీ ముందు పెడతామని చెప్పాడు. వచ్చే ఏడాదికి బొంగరం ఈ బడిలో ఉంటుందో లేదో తెలియదు. పరీక్ష తప్పినవాళ్ళు ఈ బడిలో పై క్లాసుకి వెళ్ళడానికి లేదు, ఊరి చివర ఇలాంటి పిల్లల కోసం పెట్టిన కేంద్రానికి పంపాలని అదే చట్టంలో ఉంది.

ఆ కేంద్రాన్ని ఆవిడ ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. రెండు బస్సులు మారాలి. గోడలకి మంచి రంగులే వేశారు. గేటుకి గడియ. లోపల పిల్లలు వరసగా కుర్చీల్లో కూర్చుని టీవీ చూస్తున్నారు. ఎవరూ కొట్టరు, ఎవరూ తిట్టరు. ఎవరూ లేవరు కూడా. బొంగరాన్ని ఆ వరసలో ఊహించుకోగానే ఆవిడ గేటు వైపు నడిచింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఇంటికి వచ్చింది.

హెడ్మాస్టరుని అడిగితే ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. గ్రేడు పడిపోతే చిన్న గదినే ఎత్తేస్తారని ఆయన భయం, అది ఉత్త భయం కూడా కాదు. లెక్కలు ఎలాగూ వచ్చు కదా మేడమ్, కాస్త కూర్చోవడం నేర్పండి చాలు అన్నాడాయన. అదే ఆవిడ చెవిలో పడింది. నిజమే కదా అనిపించింది. భిన్నాలు నేర్చుకున్న పిల్ల కూర్చోవడం నేర్చుకోలేదా.

మర్నాడు గది మూలలో, గోడవైపు తిప్పి, ఒక కుర్చీ వేసింది. బొంగరాన్ని పిలిచి మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది.

"పరీక్ష అంటే పెద్ద విషయం ఏమీ కాదు తల్లీ. కూర్చోవడం. అంతే. లేవకుండా, కదలకుండా కూర్చుంటే పాసైపోయినట్టే."

పిల్లకి సులువుగా అర్థం కావాలని అన్న మాట అది. పిల్లకి అర్థమైంది. అక్కడే వచ్చింది చిక్కు.

మొదట్లో గోడ గడియారంలో పెద్ద ముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకి వెళ్ళేదాకా కూర్చోవడమే గగనమైంది. కాళ్ళు నేలని వెతుక్కునేవి. ఆవిడ మోకాలి మీద అరచెయ్యి పెట్టేది. చెయ్యి కింద ఆ మోకాలు వణికేది. ఆ వణుకు ఆవిడకి అస్సలు నచ్చలేదు. ఆ మాట తనకి తాను చెప్పుకుంది కూడా. అయినా చెయ్యి తియ్యలేదు. కూర్చున్న ప్రతిసారీ పిల్ల చేతి వెనక ఒక నక్షత్రం బొమ్మ అంటించేది. నక్షత్రమంటే బొంగరానికి ప్రాణం. ముల్లు తిరగడం పెరిగింది, నక్షత్రాలు పెరిగాయి. స్తంభాల మీద కాగితాలు మార్చడం ఆవిడ మానేసింది. ఇద్దరూ వరండాలో నడిచి ఎన్నాళ్ళయిందో ఆవిడ గమనించనేలేదు. మిగతా పిల్లల చుట్టూ తిరుగుతూ, పది నిమిషాలకోసారి మూలకి వచ్చి చూసి, శభాష్ అనేసి మళ్ళీ తిరిగేది.

ఒకసారి ఏడో ఎక్కం అడిగింది, కూర్చున్న పిల్లనే. బొంగరం తన మోకాళ్ళ వైపు చూసుకుని ఊరుకుంది. కూర్చోవడం మీదే ధ్యాసంతా ఉంది పాపం, పరీక్షలో అదే వస్తుందిలే అనుకుంది ఆవిడ. ఎంతటివాళ్ళకైనా భయం పట్టుకుంటే కళ్ళు పనిచెయ్యవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అన్నారా.

తండ్రికి మాత్రం కనబడింది. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. పొద్దస్తమానం మిషను తొక్కుతూ ఉండే మనిషి, మా ఇంట్లో ఎవరి కాళ్ళూ ఊరుకోవు అని నవ్వుతూ చెప్పుకునేవాడు. తల్లి ప్యాకింగు ఫ్యాక్టరీకి వెళ్తుంది కాబట్టి పిల్ల ఇంటికొచ్చాక ఆయన ఎదురుగానే ఉంటుంది. ఒక సాయంత్రం బడికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్ల ఇంట్లో కూడా కూర్చునే ఉంటోందని చెప్పాడు. ఇంతకుముందు ఆ పిల్ల తిరుగుతుంటే కత్తిరించిన గుడ్డలు కాళ్ళకి అడ్డం పడేవట, విసుక్కునేవాడట. ఇప్పుడు పిలిచినా లేవడం లేదట. ఇదేం బాగాలేదు టీచరమ్మా అన్నాడు, మెల్లగా. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది కదా.

"కూర్చోకపోతే కేంద్రానికి పంపేస్తారు. మీకు అదే కావాలా?"

ఆయన చేతికి చుట్టుకుని ఉన్న కొలత టేపు విప్పి, మళ్ళీ చుట్టుకుని, వెళ్ళొస్తానన్నాడు. ఆయన వెళ్ళాక ఆవిడ ఆ గుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది. పిలిచి సర్దిచెప్పాలనుకుంది. పరీక్ష అయ్యాక చెబుదాంలే అనుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. బొంగరానికి పై అంతస్తులో లైబ్రరీ గది ఇచ్చారు. పర్యవేక్షకుడు వేరే బడి నుంచి వచ్చిన పెద్దాయన, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్న మర్యాదస్తుడు. పాఠం చెప్పిన టీచరు ఆ అంతస్తులోకి కూడా రాకూడదని నిబంధన. ఆవిడ కింద వరండాలో తిరగడం మొదలుపెట్టింది. కుళాయిల దగ్గర్నుంచి మెట్లదాకా, మెట్ల దగ్గర్నుంచి కుళాయిలదాకా. ఒక కుళాయి కారుతుంటే కట్టేసింది. మళ్ళీ వచ్చి కట్టిందో లేదో చూసింది. మామూలు పిల్లల పరీక్ష అయిపోయింది, వాళ్ళంతా అరుచుకుంటూ వెళ్ళిపోయారు. పైన ఇంకా సగం సమయం ఉంది. దర్జీ కొట్టు కట్టేసి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. పైన కుర్చీ జరిగిన చప్పుడు వస్తుందేమోనని ఆవిడ చెవులు రిక్కించి వింటూనే ఉంది. కుర్చీ జరిగిందంటే పిల్ల లేచినట్టు, లేచిందంటే అయిపోయినట్టు. చప్పుడు రాలేదు. రానందుకు ఎంత సంతోషించిందో చెప్పలేను. తన శిక్షణ ఫలించిందనే అనుకుంది.

గంట కొట్టారు. బొంగరం మెట్లు దిగుతూ వచ్చింది, ఎప్పటిలా రెండేసి మెట్లు దూకకుండా, ఒక్కొక్కటిగా. మొహం వెలిగిపోతోంది. వెనకాల పెద్దాయన సీలు వేసిన కవరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత బుద్ధిగా కూర్చున్న పిల్లని చూడలేదని మెచ్చుకున్నాడు. రిపోర్టులో కూడా అదే రాశానన్నాడు. బాగా రాసిందా అని అడిగింది ఆవిడ. ఆయన కవరుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అది నేను చెప్పకూడదు మేడమ్. పెన్సిలు ముట్టుకోలేదు. రాయమ్మా అని రెండుసార్లు చెప్పాను. అంతకుమించి చెప్పడానికి రూలు లేదు."

బొంగరం చెయ్యి చాపి ఉంది, నక్షత్రం కోసం.

"ఒక్కసారి కూడా లేవలేదు టీచర్. పాసయ్యానా?"

"ఎందుకు రాయలేదు తల్లీ?"

"రాస్తే కాళ్ళు కదులుతాయి టీచర్."

ఎంత పొరపాటు చేశావో తెలుసా అని ఆ పిల్లని అడగలేం. చేసింది ఆ పిల్ల కాదు. టీచరు జేబులోంచి నక్షత్రం తీసింది. అంటించబోతే రెండుసార్లు కింద పడింది. ఈలోగా గేటు దగ్గర్నుంచి వచ్చిన తండ్రి వంగి తీసి ఆయనే అంటించాడు. ఆవిడ వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత ఆవిడ ఎక్కని గడప లేదు. మళ్ళీ పరీక్ష పెట్టమని బతిమాలింది, తప్పు నాది అని రాసిచ్చింది. ఆ పిల్లకి అన్నీ వచ్చు, కావాలంటే మీ ఎదురుగా నడిపించి చెప్పిస్తానంది. మెత్తని గొంతు అధికారి ఈసారి ఎదురుగానే ఉన్నాడు, మనిషి కూడా మెత్తనే. పరీక్షకి రానివాళ్ళకి మాత్రమే రెండో అవకాశం ఉందని చెప్పాడు. ఈ అమ్మాయి హాజరైంది, ప్రశాంతంగా కూర్చుంది, రిపోర్టు చాలా బాగుంది అన్నాడు. ఇంటి దగ్గర ఉంచేసి ఉంటే ఏదైనా చేసేవాళ్ళం మేడమ్ అన్నాడు. ఆ మాటకి ఆవిడకి గేటు దగ్గర తమ్ముణ్ణి తీసుకురాకమ్మా అన్న గొంతు గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి కొట్లాడింది పిల్లల్ని ఇంట్లో దాచకండనే కదా, ఇప్పుడు ఇంట్లో దాచి ఉంటే బతికిపోయేదంటున్నారు. ఆఫీసు మెట్లు దిగి, ఎటు వెళ్ళాలో తోచక, ఆ భవనం చుట్టూ తిరిగి మళ్ళీ ఆ మెట్ల దగ్గరికే వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. బొంగరాన్ని కేంద్రానికి పంపమని ఆర్డరూ వచ్చింది. ఆర్డరు అందిన మర్నాడు దర్జీ బడికి వచ్చాడు. పోట్లాడ్డానికి వచ్చాడనుకుని ఆవిడ సిద్ధంగా నిలబడింది. ఆయన ఆర్డరు ఊసే ఎత్తలేదు.

"మీరొకసారి ఇంటికి రావాలి టీచరమ్మా. మేం చెబితే లేవడం లేదు. మీ మాటే వింటుంది."

ఆవిడ చెప్పులు వేసుకున్నదో లేదో కూడా చూసుకోకుండా ఆయన వెనకే నడిచింది.

కొట్టులో మిషను పక్కన, కుట్టాల్సిన బట్టల మూటల మధ్య, బొంగరం కుర్చీలో ఉంది. గోడవైపు తిరిగి ఉంది. పాదాలు జత చేసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉంది. టీచరు గొంతు వినగానే మొహం విప్పారింది గానీ వీపు కదల్లేదు. టీచరు వెళ్ళి ఎదురుగా, గోడకీ కుర్చీకీ మధ్య ఇరుక్కుని నేల మీద కూర్చుంది. ఇక లే తల్లీ, పరీక్ష అయిపోయింది అంది. పిల్ల ఒప్పుకోలేదు. అయిపోయింది పాత బడి పరీక్ష అంట. కొత్త బడికి వెళ్తున్నాను కదా, అక్కడ ఇంకా పెద్దది ఉంటుంది కదా, అందుకే అభ్యాసం చేస్తున్నానంది.

"అక్కడ ఎంతసేపు కూర్చోవాలి టీచర్?"

ఆవిడకి కుర్చీల వరసా, టీవీ, గేటు గడియా అన్నీ కళ్ళ ముందు కదిలాయి. రోజంతా అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదని ఏ శిక్షణలో చెప్పారో గానీ ఆవిడ ఏడ్చేసింది, ముక్కు చీదుకుంది, పక్కనున్న ఎవరిదో లంగా గుడ్డతో తుడుచుకుంది కూడా.

"అక్కడ కూర్చోకు తల్లీ. ఎవరు కూర్చోమన్నా కూర్చోకు."

"మీరు చెప్పినా?"

"నేను చెప్పినా."

బొంగరం ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది, ఇది కూడా ఏదైనా పరీక్షేమోనన్నట్టు. తర్వాత ఒక పాదం నేలకి ఆనించింది. ఆగి, ఎవరైనా వద్దంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. రెండో పాదం దించింది. కాళ్ళు మొద్దుబారాయో ఏమో, లేవగానే తూలి మిషను పట్టుకుంది. తండ్రి కాళ్ళకి అడ్డమొచ్చే గుడ్డలన్నీ గబగబా గోడ మూలకి నెట్టాడు. పిల్ల గుమ్మం దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నోట్లోంచి ఒక్క ఎక్కం కూడా రాలేదు. టీచరు అడగలేదు. నేల మీద మోకాళ్ళు ముడుచుకుని, పిల్లకి దారి వదిలి, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.